గేరాయిల్ మారిస్తే గేరుబాక్సు పోతుందా?

ఆటోమేటిక్ కారు లక్ష కిలోమీటర్లు దాటిందంటే చాలు, మా ఆటోనగర్‌లో ఎవరో ఒకరు ఓ ఉచిత సలహా పారేస్తారు. "గేరాయిల్ జోలికి మాత్రం పోకండి. ఇన్నాళ్లూ మార్చలేదుగా, ఇప్పుడు మార్చారో గేరుబాక్సు కూర్చుంటుంది." ఇది టీ కొట్టు దగ్గరి మాటే అనుకోకండి. పెద్ద సర్వీసు సెంటర్లలో టై కట్టుకుని రాసుకునే కుర్రాళ్లు కూడా ఇదే చెప్పి పంపిస్తారని నా దగ్గరికి వచ్చేవాళ్లు అంటుంటారు.

విజయవాడ ఆటోనగర్‌లో నాది గేరుబాక్సుల షెడ్డు. లారీ గేరుబాక్సులతో మొదలెట్టి, ఊళ్లో ఆటోమేటిక్ కార్లు పెరిగాక వాటి మీద పడ్డాను. ఈ సలహాను నేను కొట్టిపారేయలేను, ఒప్పుకోనూ లేను. ఆయిల్ మార్చిన వారానికే చతికిలపడి, తాడు కట్టి లాక్కొచ్చిన బండ్లను చూశాను. అయితే అవి ఆయిల్ మార్చడం వల్ల పోయాయా, లేక పోబోతుంటేనే ఎవరో ఆయిల్ మార్చారా? అసలు తగువంతా అక్కడే ఉంది. అది తేలాలంటే ఆ నూనె లోపల ఏం చేస్తుందో ముందు తెలియాలి.

మామూలు గేరుబాక్సులో నూనెకు పెద్ద పనేం ఉండదు. గేరు పళ్లు అరగకుండా చూస్తే చాలు. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇంజనుకీ గేరుబాక్సుకీ నడుమ టార్క్ కన్వర్టర్ అని ఒక గుండ్రటి ఉక్కు డబ్బా ఉంటుంది. అందులో ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే అది నూనెను విసురుతుంది, ఆ నూనె తాకిడికి రెండోది తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడగానే మీ బండిని ముందుకు నెట్టేది నూనే. గేరు మారడమూ దాని చేతుల్లోనే ఉంది. పంపు తోసిన నూనె వాల్వుబాడీలోని సన్నటి దారుల గుండా వెళ్లి క్లచ్చి ప్లేట్లను నొక్కుతుంది. ఆ ప్లేట్ల మీద అంటించి ఉండేది కాగితం జాతి పదార్థం. అది గట్టిగా పట్టుకోవాలి, అలాగని ఠక్కున కరిచేయకూడదు. కాస్త జారి, మెత్తగా పట్టుకోవాలి. ఎంత జారాలి, ఎప్పుడు పట్టుకోవాలి అన్నది నూనెలో కలిపిన మందులను బట్టి ఉంటుంది. ఇవన్నీ చేస్తూ పుట్టిన వేడినంతా మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర దింపి రావడం కూడా దాని పనే.

ఆ మందుల కథ విచిత్రంగా ఉంటుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ పేరుతో ఆటోమేటిక్ గేరుబాక్సును జనానికి అమ్మడం మొదలెట్టారు. 1949లో ఈ గేరుబాక్సుల కోసమే 'టైప్ ఏ' అని ఒక నూనె ప్రమాణం తెచ్చారు. నేను చెప్పిన ఆ మెత్తటి పట్టు కోసం ఆ కాలం నూనెల్లో కలిపింది స్పెర్మ్ తిమింగలం నూనె! 1970ల మొదట్లో అమెరికా తిమింగలాల సరుకును చట్టం పెట్టి ఆపేసేసరికి, దానికి బదులు రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. డెక్స్‌రాన్-2 అనే నూనె ఆ రోజుల్లో వచ్చిందే. మా షెడ్డులో కుర్రాళ్లకు ఈ సంగతి చెబితే మేస్త్రి కోతలు కోస్తున్నాడని నవ్వుతారు.

ఇప్పుడు ఆ నూనె ఎందుకు చెడుతుందో చూద్దాం. ఇంజనాయిల్‌లాగా దీనికి మసి తగలదు, పెట్రోలు కలవదు. దీని శత్రువు వేడి. గేరుబాక్సు నూనె మామూలుగా 80, 90 డిగ్రీల దగ్గర హాయిగా బతుకుతుంది. అక్కణ్నుంచి ప్రతి పది పన్నెండు డిగ్రీలకూ ఆయుష్షు సగానికి సగం తరుగుతుందని మా పనిలో ఒక మోటు లెక్క. మే నెలలో బెజవాడ ఎండ, బెంజి సర్కిల్ దగ్గర 'డి'లో పెట్టి బ్రేకు తొక్కిపట్టి నిలబడ్డ బండి, లోపల నిండుగా ఏసీ. ఆ కన్వర్టర్‌లో నూనె ఊరికే చిలకబడుతూ కాగిపోతూ ఉంటుంది. తిరుమల ఘాటులో ఆరుగురిని, సామాన్లను ఎక్కించుకుని ఎక్కేటప్పుడూ అంతే. వేడికి మందులు చచ్చిపోతాయి, నూనె పలచబడుతుంది, వాల్వుల మీద వార్నిష్‌లా జిగట పొర పేరుకుంటుంది. వాల్వుకీ దాని గూటికీ మధ్య ఉండేది వెంట్రుక మందం కూడా లేని సందు. అక్కడ కాస్త జిగట పట్టినా వాల్వు బద్ధకిస్తుంది, గేరు ఆలస్యంగా పడుతుంది. 'డి'లో పెట్టాక ఒక్క క్షణం ఆగి, తర్వాత ధడ్‌మని తగులుకునే బండ్లను మీరూ చూసే ఉంటారు.

కంపెనీ పుస్తకంలో 'లైఫ్‌టైమ్ ఆయిల్' అని రాశారు కదా అంటారు కొందరు. ఎవరి లైఫ్ అని నేను అడుగుతాను. బీఎండబ్ల్యూ వంటి కార్లకు గేరుబాక్సులు తయారు చేసే జర్మనీ కంపెనీ జెడ్ఎఫ్, తన గేరుబాక్సుల్లో నూనెను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకోసారి మార్చమని తనే చెబుతుంది. అవే గేరుబాక్సులు బిగించుకున్న కార్ల కంపెనీలు కొన్ని మాత్రం జీవితాంతం మార్చనక్కర్లేదని చెప్పాయి. గేరుబాక్సు చేసినవాడి మాట వినాలా, కారు అమ్మినవాడి మాట వినాలా? వారంటీ తీరిన బండి మీది. చాలా పుస్తకాల్లో చివర్న సన్న అక్షరాల్లో 'కఠిన వాడకం' అని వేరే పట్టిక ఉంటుంది. ఎండ, దుమ్ము, ట్రాఫిక్, కొండ దారులు ఉంటే ఆయిల్ ముందే మార్చమని. మన ఊళ్లలో కఠినం కాని వాడకం ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.

ఇక ఆ పుకారు సంగతి. అందులో నిజం పాలు కొంత ఉంది. ఏళ్ల తరబడి నూనె మార్చని బండిలో క్లచ్చి ప్లేట్ల నుంచి రాలిన పొడి నూనెలోనే తేలుతూ ఉంటుంది. అరిగి జారిపోతున్న ప్లేట్లకు ఆ గరుకు నూనే కాస్త పట్టునిస్తూ ఉండొచ్చు. కొత్త నూనెలో ఆ గరుకు ఉండదు, పైగా జిగటను కడిగే మందులు ఉంటాయి. అరిగిన ప్లేట్లు ఇక దాచుకోవడానికి ఏమీ లేక బయటపడిపోతాయి. ఇది నిజమే. కానీ ఆ ప్లేట్లు అరిగింది కొత్త నూనె వల్ల కాదు, మార్చని పాత నూనె వల్ల. మనవాళ్ల పద్ధతి ఎలా ఉంటుందంటే, బండి బాగున్నంత కాలం గేరాయిల్ ఊసెత్తరు. గేరు జారడం మొదలయ్యాక, ఓవరాలింగ్ ఖర్చు విని గుండె జారాక, "ముందు ఆయిల్ మార్చి చూద్దాం మేస్త్రీ" అంటారు. మారుస్తాం. నాలుగు రోజులకు అది పోతుంది. నింద ఆయిల్ మీద పడుతుంది.

అందుకే నేను ముందు బండి నడిపి చూస్తాను, తర్వాతే కింద బోల్టు విప్పుతాను. మా పేటలో ఒక లెక్కల మాస్టారున్నారు, రిటైరయ్యారు. ఆయనది 2009 హోండా సిటీ, ఆటోమేటిక్. లక్షా అరవై వేలు దాటింది. పాత బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకొచ్చారు, ఎందులోనూ గేరాయిల్ అన్న పద్దు లేదు. "మార్చమంటావా, వద్దంటావా?" అన్నారు. "నేను చెప్పడం కాదు మాస్టారూ, అదే చెబుతుంది" అని నడిపి చూశాను. పార్కు నుంచి 'డి'లోకి వెంటనే పడుతోంది. ఆక్సిలేటర్ తొక్కితే ఇంజను అరుపు పెరిగి బండి కదలకపోవడం లేదు. అరవై దాటాక మాత్రం సన్నటి వణుకు, రోడ్డు మీద వరసగా వేసిన చారల మీద వెళ్తున్నట్టు. కన్వర్టర్ లోపలి క్లచ్చి పట్టుకునే వేళ నూనెలో మందు చచ్చిపోతే ఇలాగే వణుకుతుంది. అంటే ప్లేట్లు ఇంకా ఉన్నాయి, నూనె పోయింది. మార్చదగ్గ బండి.

హోండా డ్రెయిన్ బోల్టుకు తలలో నలుచదరపు గుంట ఉంటుంది, సాకెట్ అక్కర్లేకుండా రాచెట్ మొనే దూరుతుంది. విప్పగానే నూనె సన్నటి ధారగా దిగింది. కొత్తప్పుడు ఎర్రగా ఉండేది, ఇప్పుడు ముదురు గోధుమ రంగు. తెల్లటి టిష్యూ మీద ఒక చుక్క వేసి మాస్టారికి చూపించాను. అంచు దాకా పాకింది, మధ్యలో నల్లటి మచ్చ ఏమీ నిలవలేదు. వాసన చూడమన్నాను. కాలిన వాసన లేదు. ఆ బోల్టు కొసనే ఒక అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు ముద్ద పట్టి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా, గ్రీజులా. అది మామూలు అరుగుదల, భయం లేదు. వేలికి గుచ్చుకునే తునకలు తగిలినా, నూనెలో ఇత్తడి తళుకు కనిపించినా నేను అక్కడే ఆపేసి ఓవరాలింగ్ గురించి మాట్లాడతాను. నూనె పాలు కలిసినట్టు గులాబీ రంగులోకి తిరిగితే అది ఇంకో ఉపద్రవం. రేడియేటర్‌లో నూనె చల్లబడే గొట్టం చిల్లుపడి కూలెంటు గేరుబాక్సులోకి వచ్చిందన్నమాట. ఆ నీళ్లకు ప్లేట్ల మీది కాగితం ఊడొస్తుంది, ఆ బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

దిగిన నూనెను కొలజాడీలో పోసి చూస్తే సుమారు రెండున్నర లీటర్లు. మాస్టారు అడిగారు, మొత్తం ఎంత పడుతుందని. ఆరు లీటర్లకు దగ్గరగా అన్నాను. మిగతాది కన్వర్టర్‌లో, వాల్వుబాడీలో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది, బోల్టు విప్పితే రాదు. "అంటే ఒకసారి మారిస్తే నలభై రెండు శాతం కొత్తది" అంటూ ఆయన జేబులోంచి పెన్ను తీసి ఫైలు అట్ట మీదే లెక్క వేశారు. రెండోసారి మారిస్తే దిగే నూనెలో అప్పటికే కొంత కొత్తది ఉంటుంది కాబట్టి అరవై ఆరు. మూడోసారికి ఎనభై. నాలుగోసారికి పెరిగేది ఎనిమిదే. "మూడుతో ఆపేయ్, నాలుగోది డబ్బు దండగ" అన్నారు. నేను ఇన్నాళ్లూ చేతి అలవాటుగా చేసే పనికి ఆయన లెక్క కట్టి ఇచ్చారు.

ఆ మూడు మార్పులూ ఒకేరోజు చేయను. మధ్యలో రెండు మూడు వారాలు బండి తిరగనిస్తాను. కొత్త నూనెలోని మందులు జిగటను మెల్లగా కరిగిస్తాయి, కరిగింది తర్వాతి మార్పులో బయటికొస్తుంది. ఇదే పనిని యంత్రంతో ఒక్క గంటలో చేసి పెడతామనే చోట్లున్నాయి. ఫ్లషింగ్ అంటారు. కూలర్ గొట్టాలకు తగిలించి గేరుబాక్సు సొంత పంపుతోనే పాతది బయటికి, కొత్తది లోపలికి పంపే యంత్రాలైతే పరవాలేదు, బాగా మెయింటెయిన్ చేసిన బండికి నేనూ ఒప్పుకుంటాను. ఒత్తిడి పెట్టి ఎదురు తోసే రకాలున్నాయి, వాటితోనే తంటా. పదేళ్లుగా మూలన కూర్చున్న చెత్తను ఒక్కసారిగా లేపితే అది నేరుగా వెళ్లి వాల్వుబాడీలో ఇరుక్కుంటుంది. పుకారుకు కొంత బలం ఇక్కడి నుంచీ వచ్చింది. పాత బండికి ఫ్లషింగ్ నేను చేయను, బతిమాలినా చేయను.

బోల్టు వాషరు కొత్తది వేయాలి. అల్యూమినియం వాషరు ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. ఎంత దిగిందో అంతే పోయాలి. ఆ తర్వాత లెవెల్ చూడటంలో సగం మంది తప్పుతారు, ఎందుకంటే ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఈ హోండాకు బండి వేడెక్కాక ఇంజను ఆపి, ఒకటిన్నర నిమిషం దాటకుండా డిప్‌స్టిక్ చూడాలి. డిప్‌స్టిక్ ఉన్న పాత టయోటాల్లో ఇంజను నడుస్తుండగా పార్కులో పెట్టి చూడాలి. ఒకదాని పద్ధతిలో ఇంకోదాన్ని చూస్తే లెవెల్ ఎక్కువో తక్కువో అవుతుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే తిరిగే గేర్లు నూనెను నురగ చేస్తాయి. నురగకు ఒత్తిడి ఉండదు, క్లచ్చి జారుతుంది.

ఏ నూనె పోయాలన్నది ఇంకా ముఖ్యం. రంగు చూసి కొనకండి, దాదాపు అన్నీ ఎర్రగానే ఉంటాయి. ఆ హోండాకు డీడబ్ల్యూ-1, పాత హ్యుందాయ్‌లకు ఎస్‌పీ-3, కొత్త టయోటాలకు డబ్ల్యూఎస్. పుస్తకంలోనో డిప్‌స్టిక్ మీదో రాసి ఉన్నదే పోయాలి. "అన్ని బండ్లకూ పడుతుంది" అని డబ్బా మీద రాసిన నూనెను నేను కొనను. వయసైన గేరుబాక్సుకు అసలు నూనే కావాలి. ఇక సీవీటీ బండ్లలో గేర్లు ఉండవు, రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు నడుస్తుంది. దానికి దాని సొంత నూనె ఉంది, మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె) పోస్తే బెల్టు జారి కప్పీలు గీసుకుపోతాయి. సెలెరియో, వ్యాగనార్‌లలో వచ్చే ఏజీఎస్ ఇదంతా కాదు. అది మామూలు గేరుబాక్సే, క్లచ్చి తొక్కి గేరు వేసే పని మాత్రం ఒక యంత్రం చేస్తుంది. ఆ బండి తెచ్చి ఏటీఎఫ్ మార్చమని అడిగేవాళ్లు వారానికొకరైనా తగులుతారు. ఎవరైనా మార్చి బిల్లు వేస్తే అనుమానించండి.

మాస్టారి బండికి రెండో మార్పులోనే వణుకు తగ్గింది, మూడోదానికి పోయింది. అన్ని బండ్లూ అలా తేరుకోవు. అప్పటికే గేరు జారుతున్న బండి తెస్తే నేను జాబుకార్డు మీదే రాసి సంతకం పెట్టించుకుంటాను, ఆయిల్ మార్చినా ఇది బాగుపడకపోవచ్చని, పోతే ఆయిల్‌ను అనొద్దని. సంతకం అడగ్గానే సగం మంది ఆలోచనలో పడతారు. అది మంచిదే. ఆ డబ్బు ఓవరాలింగ్‌కు దాచుకోవడం నయం.

మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. చదువు ముగించి ఉద్యోగంలో చేరగానే 2012 టయోటా క్యామ్రీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. లక్షన్నర మైళ్లు తిరిగింది, అంటే మన లెక్కలో రెండు లక్షల నలభై వేల కిలోమీటర్లు. అక్కడ కూలీ ఖర్చు ఎక్కువ కదా, పిల్లలు వాకిట్లోనే బండి పైకెత్తి సొంతంగా చేసుకుంటారు. వీడియో కాల్ చేశాడు. "మామయ్యా, డిప్‌స్టిక్కే లేదు. కింద బోల్టు విప్పబోతున్నా" అన్నాడు. "ఆగరా బాబూ, ముందు పోసే బోల్టు ఊడుతుందో లేదో చూడు" అన్నాను. ఏళ్ల తరబడి విప్పని బోల్టు అది, ఎడమ చక్రం పక్కన ఉంటుంది. పాతది మొత్తం దించేశాక పోసే బోల్టు తుప్పుపట్టి రాకపోతే, బండి అక్కడే స్టాండు మీద ఉండిపోతుంది. అదృష్టం, ఊడింది. కింద అలెన్ కీతో బోల్టు తీస్తే కాసిని చుక్కలు కారి ఆగిపోయాయి. "మామయ్యా, ఇందులో ఆయిలే లేదు!" అని కంగారుపడ్డాడు. లోపల ఇంకో ప్లాస్టిక్ గొట్టం నిలువుగా ఉంటుంది, లెవెల్ కొలిచేది అదే. ఆ గొట్టాన్నీ అదే అలెన్ కీతో విప్పమన్నాను. విప్పాడు, మిగతాదంతా మోచేతి మీదుగా చొక్కా మీదికి వచ్చింది. కొత్తది పోశాక గొట్టం మళ్లీ బిగించి, బండి సమంగా నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా నూనె నలభై డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి కింద బోల్టు తీసి, ధార ఆగి చుక్కలు పడే దాకా ఉండాలి. చుక్కలు పడుతుంటే లెవెల్ సరిగ్గా ఉన్నట్టు. వేడెక్కితే నూనె ఉబ్బుతుంది కాబట్టి వేడి మీద చూస్తే తక్కువ మిగులుతుంది. అందుకే ఆ డిగ్రీల పట్టింపు.

పాత నూనెను ఏం చేశావురా అని అడిగితే, అక్కడ స్పేర్ పార్ట్స్ దుకాణాలవాళ్లే ఉచితంగా తీసుకుంటారని చెప్పాడు. మా దగ్గరా వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం కిందే లెక్క. 2016 నాటి నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి, మట్టిలో పోయకూడదు, కాల్వలో అసలే పోయకూడదు. అయినా చెదలు పట్టిన గుమ్మాలకు పూస్తామని, దడి గుంజలకు రాస్తామని సీసా పట్టుకుని వచ్చేవాళ్లు పోలేదు. నేను షెడ్డులో లేనప్పుడు కుర్రాళ్లు మొహమాటానికి పోసి పంపేస్తున్నారని తెలిసి, ఈమధ్యే డ్రమ్ము మూతకు తాళం వేశాను.